విశాఖ మన్యంలో రింకోస్టైలిస్: బదనిక కాని ఆర్కిడ్

విశాఖ మన్యంలోని పాత చెట్ల కొమ్మలపై రెండు రకాల మొక్కలు కనిపిస్తాయి. ఒకటి చెట్టు సారాన్ని పీల్చే బదనిక. రెండవది కొమ్మను ఆధారంగా మాత్రమే వాడుకునే ఆర్కిడ్. వాండా ఆర్కిడ్‌కు తెలుగులో కనపబదనిక అన్న పేరుండటాన్ని బట్టి ఈ రెండింటినీ ఒకటిగా చూడటం ఎంత పాత అలవాటో తెలుస్తుంది. మామిడి తోటలో బదనికను నరికించేటప్పుడు ఆర్కిడ్ కూడా కత్తి పాలయ్యే ప్రమాదం ఉంది.

ఇందుకు రింకోస్టైలిస్ రెటూసా తగిన ఉదాహరణ. ఉష్ణమండల ఆసియాకు చెందిన ఈ చిన్న ప్రజాతిని 1825లో బ్లూమె వర్ణించాడు. ఇందులోని జాతులు మూడు నాలుగుకు మించవు. వాటిలో రెటూసా భారతదేశంలో విస్తారంగా వ్యాపించినది; అస్సాం రాష్ట్ర పుష్పం కూడా ఇదే. వేసవి చివర నుండి తొలకరి వరకు, తెల్లని రేకులపై ఊదా చుక్కలున్న పూలు వందకు పైగా ఒకే గెలలో ఒత్తుగా వేలాడతాయి.

పూలు లేనప్పుడు గుర్తించడానికి వేర్లు చూడాలి. బదనిక తన చూషకాలను కొమ్మలోనికి దించుతుంది. అతుకు వద్ద కొమ్మ ఉబ్బి ఉంటుంది. రింకోస్టైలిస్ వేర్లు లావుగా, బూడిద తెలుపులో బెరడుపై పాకుతాయి లేదా గాలిలో వేలాడతాయి. వాటిపైనున్న వెలామిన్ పొర వాన నీటిని, అందులో కరిగిన లవణాలను పీల్చుకుంటుంది. ఆకులు పట్టీల వలె రెండు వరుసలలో అమరి ఉంటాయి.

పోయిన మొక్క స్థానంలో మరొకటి త్వరగా రాదు. కాయలో ధూళి వంటి విత్తనాలు అసంఖ్యాకంగా ఉన్నా వాటిలో అంకురచ్ఛదం ఉండదు. ప్రకృతిలో తగిన శిలీంధ్రం తోడైతేనే పిండం మొలకగా ఎదుగుతుంది. చక్కెర గల వర్ధనకంలో శిలీంధ్రం లేకుండానే ఆర్కిడ్ విత్తనాలను మొలకెత్తించవచ్చని 1922లో నడ్సన్ నిరూపించాడు. అయితే ప్రయోగశాల మొక్కలకు కూడా చివరకు ఒక చెట్టు కావాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకినప్పుడు మన్యంలో కాఫీ తోటల నీడచెట్లు పెద్ద ఎత్తున కూలాయి. అటువంటి సమయంలో రైతు భూమిలో కూలిన కొమ్మపై ఆర్కిడ్ ఉంటే, నేలలో నాటకూడదు. మట్టిలో వేర్లకు గాలి అందక కుళ్ళిపోతాయి. బెరడు ముక్కతో సహా తీసి, నిలిచి ఉన్న గరుకు బెరడు చెట్టుకు, మునుపటంత వెలుతురు పడే చోట కొబ్బరి తాడుతో కట్టాలి. కొత్త వేర్లు బెరడును పట్టుకున్న తరువాతే తాడు విప్పాలి.