పాఠం 14 : చర్చి బడిలో ఫుడ్ ఫెస్టివల్

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఒక ప్రకటనను సరిగా అర్థం చేసుకోగలుగుతారు. చందా, విరాళం, కానుక అనే మాటల మధ్య తేడా చెప్పగలుగుతారు. ఒక చిన్న జమాఖర్చు లెక్క వేయగలుగుతారు. చివర ఒక లేఖ కూడా రాయవలసి ఉంటుంది. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

ముందుగా ఈ ప్రకటనను పైకి చదవండి. ఇది పాఠం కోసం ఊహించి రాసినదే. కాని క్రిస్మస్ దగ్గరపడే రోజుల్లో ఇలాంటివి చర్చి గోడల మీద, బడి గేట్ల మీద కనబడుతుంటాయి.

"మన పాఠశాలలో బాలికల మరుగుదొడ్ల నిర్మాణ నిధి కొరకు శనివారం ఉదయం 10 గంటల నుండి సాయంత్రం 5 గంటల వరకు పాఠశాల ఆవరణలో ఫుడ్ ఫెస్టివల్ జరుగును. కూపను ఒక్కొక్కటి రూ. 20. గేటు వద్ద లభించును. మిగిలిన కూపన్లకు డబ్బు వాపసు ఇవ్వబడదు. అందరూ ఆహ్వానితులే."

"జరుగును", "లభించును" అన్న మాటలు గమనించారా? మనం మాట్లాడేటప్పుడు "జరుగుతుంది", "దొరుకుతాయి" అంటాం. ప్రకటనల్లో, శుభలేఖల్లో పాత రూపాలు ఇంకా నిలిచి ఉన్నాయి. వాటిని చూసి తడబడవద్దు.

ఇక "అందరూ ఆహ్వానితులే" అన్న మాట. మీలో కొందరు అలాంటి బడిలోనే ఆరో తరగతి, ఏడో తరగతి దాకా చదివి ఆపేసినవారు కావచ్చు. ఫీజు కట్టలేక మానినవారికి, చెల్లిని ఎత్తుకోవడానికి ఇంటి దగ్గర ఉండిపోయినవారికి ఆ గేటు దాటడం తేలిక కాదు. పాత మాస్టారు ఎదురైతే ఏం చెప్పాలి అని కాళ్లు వెనక్కి లాగుతాయి. అయినా వెళ్లండి. ఆ రోజు గేటు దగ్గర కూర్చున్నవారు ఎంతవరకు చదివారని అడగరు. ఎన్ని కూపన్లు కావాలని అడుగుతారు.

చర్చి బడికి డబ్బు అవసరం ఎందుకు వస్తుంది? మన ప్రాంతంలో ఈ బడులు చాలా పాతవి. అమెరికా నుండి లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరి పని మొదలుపెట్టినది 1842లో. అప్పటి నుండి పెరిగిన మిషను బడుల్లో కొన్ని తరువాత ఎయిడెడ్ బడులయ్యాయి. ఎయిడెడ్ బడి అంటే ప్రైవేటు యాజమాన్యం నడుపుతూ ప్రభుత్వ గ్రాంటు పొందే బడి. ఆ గ్రాంటు ముఖ్యంగా ఉపాధ్యాయుల జీతాలకు పోతుంది. పగిలిన పెంకులు, కూలిన ప్రహరీ, మరుగుదొడ్లు ఎక్కువగా యాజమాన్యం బాధ్యతే. మరుగుదొడ్డి లేని బడిలో పెద్దతరగతుల ఆడపిల్లలు మధ్యలో మానేయడం మీకు నేను చెప్పనక్కరలేదు. చదువుతున్నవారిలో కొందరు ఆ కారణంగానే మానినవారై ఉంటారు.

తిండి ద్వారా నిధి పోగుచేయడం చర్చికి కొత్త కాదు. తెలుగు చర్చిలలో కోత పండుగ నాడు విశ్వాసులు కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు తెచ్చి ఇస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. కోడిని పాడుకున్నాయన మళ్లీ దాన్ని చర్చికే ఇచ్చేస్తే అదే కోడి రెండోసారి వేలానికి వస్తుంది! మిజోరం రాష్ట్రంలో ఇంకొక పద్ధతి ఉంది. అక్కడి స్త్రీలు వంట వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం చర్చి కోసం తీసిపెడతారు. దాని పేరు బుహ్‌ఫై థామ్. 1910లో మొదలై నేటికీ సాగుతోంది. చేతిలో రూపాయి లేని ఇల్లాలు కూడా ఇవ్వగలిగిన పద్ధతి కావడం వల్లనే అది ఇంతకాలం నిలిచిందని నా అభిప్రాయం.

ఇప్పుడు మూడు మాటలు చూద్దాం. పదిమంది కలిసి ఒక పనికి తలా కొంత వేసుకునేది చందా. ఇంతని నిర్ణయించి వసూలు చేయడం కూడా కద్దు. విరాళం తన ఇష్టంతో ఇచ్చేది, ఎంతైనా ఇవ్వవచ్చు. కానుకలో భక్తి, ప్రేమ కలిసి ఉంటాయి. దేవుడికీ ఇస్తాం, పెళ్లికూతురికీ ఇస్తాం. మరి 20 రూపాయల కూపను కొని గారెలు తింటే అది ఈ మూడింటిలో ఏది? సూటిగా చెప్పాలంటే ఏదీ కాదు. మీరు డబ్బిచ్చి సరుకు తీసుకున్నారు, కనుక అది కొనుగోలు. దానిలో మిగిలిన లాభమే బడికి చేరుతుంది. అదనంగా ఏమైనా ఇవ్వదలిస్తే విడిగా ఇచ్చి, దానికి రసీదు అడిగి తీసుకోండి. రసీదు అడగడం అనుమానించడం కాదు.

ఆవరణలోకి వెళ్దాం. షామియానా కింద బల్లలు, ఒకవైపు మిరపకాయ బజ్జీలు, పునుగులు, ఇంకొకవైపు కోడి పులావు, చేపల పులుసు. పులావు గిన్నె నుండి పొగలు వస్తున్నాయో లేదో చూసి కొనండి. వేడి పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటేనే క్షేమం. ఉదయం వండి అలాగే వదిలిన అన్నంలో, ఉడికినా చావని ఒక రకం సూక్ష్మజీవులు మళ్లీ పెరుగుతాయి.

క్రిస్మస్ పిండివంటల బల్ల దగ్గర కాస్త ఆగండి. అరిసెల పక్కన గులాబీ పూలు ఉంటాయి. బియ్యప్పిండి, మైదా, గుడ్డు, పంచదార కలిపిన జారుపిండితో వీటిని చేస్తారు. ఇనుప అచ్చును ముందు నూనెలో బాగా కాగనివ్వాలి. తరువాత పిండిలో ముప్పావు వంతు మాత్రమే ముంచాలి. పై అంచు దాకా మునిగితే పిండి అచ్చును కప్పేస్తుంది, పువ్వు ఊడిరాదు. అచ్చు చల్లగా ఉంటే పిండి అంటుకోనే అంటుకోదు. చేసేవారి చేయి చూస్తే తెలుస్తుంది, ఒక్కొక్క పువ్వుకు ఒకసారి ముంచాలి, ఒకసారి వేయించాలి, ఒకసారి విదపాలి.

ఆ బల్ల వెనుక ఒక కుట్టుపని చేసుకునే తల్లి ఉందనుకోండి. ఆమె 50 పొట్లాలు చేసింది. పొట్లం రెండు కూపన్లు, అంటే 40 రూపాయలు. ఒక్కొక్క పొట్లానికి సరుకుల ఖర్చు 22 రూపాయలు. మిగిలేది 18. యాభై పొట్లాలకు 900 రూపాయలు బడికి చేరాయి. దాని కోసం ఆమె రెండు రోజులు కుట్టు మిషను ఎక్కలేదు. రోజుకు 500 పోయిందనుకుంటే ఆమె వదులుకున్నది వెయ్యి. ఆ వెయ్యి నేరుగా ఇచ్చి ఉంటే బడికి వంద ఎక్కువ వచ్చేది కదా అని మీరు అనవచ్చు. లెక్క ప్రకారం నిజమే. కాని ఆ వెయ్యి ఆమె చేతికి వచ్చి ఉంటే ఇంటి అద్దెలో కలిసిపోయేది. శ్రమ రూపంలో ఇచ్చింది కనుకనే ఇవ్వగలిగింది. చిక్కల్లా ఆమె రెండు రోజుల శ్రమ ఏ జమాఖర్చులోనూ కనబడకపోవడమే.

మొత్తం లెక్క ఇలా ఉందనుకుందాం. 1,500 కూపన్లు అమ్మారు, జమ 30,000 రూపాయలు. సరుకులకు 9,500, షామియానా, బల్లలకు 3,000, గ్యాసుకు 1,800, ప్లేట్లకు 700, మొత్తం ఖర్చు 15,000. నికరం 15,000. సాయంత్రం మైకులో "ముప్పై వేలు వచ్చాయి" అని చెబుతారు, చప్పట్లు కొడతారు. మరుగుదొడ్డి గోడ లేచేది మాత్రం ఆ నికరంతోనే. ఈ సంఖ్య ఎవరూ మైకులో చెప్పరు. అడగాలి.

మీరు చేయవలసిన పని

1. ఈ ఫెస్టివల్‌లో అమ్మిన 1,500 కూపన్లలో 60 కూపన్లను ఎవరూ వాడలేదు. ఆ డబ్బు 30,000 జమలో ఉన్నట్టా, లేనట్టా? ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.

2. ఆ తల్లి పొట్లాన్ని మూడు కూపన్లకు అమ్మితే, 30 పొట్లాలు మాత్రమే అమ్ముడై మిగిలినవి అలాగే ఉండిపోతే, బడికి ఎంత మిగులుతుంది? మొత్తం 50 పొట్లాల సరుకుల ఖర్చునూ తీసివేసి చూడండి.

3. ఫెస్టివల్ జమాఖర్చును నోటీసు బోర్డు మీద పెట్టవలసిందిగా కోరుతూ ప్రధానోపాధ్యాయులకు పది వాక్యాల లేఖ రాయండి. "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి" అని మొదలుపెట్టండి. మీరు ఆ బడిలో ఒకప్పుడు చదివి ఉంటే, ఆ మాట కూడా రాయండి.