దోమ కడుపులో ఏం కనిపించింది?

ఇంట్లో ఒకరికి చలిజ్వరం వచ్చింది. దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు ఆగలేదు. కాసేపటికి ఒళ్ళు కాలిపోయింది. తర్వాత చెమటలు పట్టి జ్వరం దిగింది. పొద్దున్నే ఆరోగ్య కార్యకర్త వచ్చింది. వేలికి సూది గుచ్చి, గాజు పలక మీద రక్తం చుక్క తీసుకుంది.

"ఒంట్లో ఉన్న కాస్త రక్తం కూడా తీసుకుపోతారా? ఏదో ఒక మాత్ర ఇచ్చి పోరాదా?" అని ఇంట్లో పెద్దామె విసుక్కుంది.

ఇలా విసుక్కునేవాళ్ళు చాలామంది ఉంటారు. ఇంతకీ ఆ చుక్కలో ఏం చూస్తారు?

భూతద్దం మీరు చూసే ఉంటారు. అరచేతి మీద పెడితే గీతలు పెద్దవిగా కనిపిస్తాయి. అలాంటి అద్దాలను గొట్టంలో బిగించి చేసినదే మైక్రోస్కోపు. కంటికి ఆననిదాన్ని వందల రెట్లు పెద్దదిగా చూపిస్తుంది. కింద గాజు పలక పెడతారు. పైనుంచి కన్ను పెట్టి చూస్తారు.

1880లో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు ఇట్లాగే చూశాడు. అది అల్జీరియా దేశంలో. జ్వరం వచ్చిన ఒక సిపాయి రక్తంలో బతికున్న క్రిములు కనిపించాయి. వాటి లోపల కాటుక పొడి చల్లినట్టు నల్లని రేణువులు ఉన్నాయి. ఆ క్రిమి రక్తంలోని ఎరుపును తింటుంది. తినగా మిగిలిన పిప్పే ఆ నలుపు.

అంతకు ముందు ఈ జ్వరం చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. మలేరియా అనేది ఇటలీ మాట. దాని అర్థమే చెడుగాలి.

సరే, క్రిమి దొరికింది. ఒకరి ఒంట్లోంచి ఇంకొకరి ఒంట్లోకి ఎట్లా పోతుంది? దోమకు ఇందులో పాత్ర ఉందని లండనులో మాన్సన్ అనే డాక్టరు అనుకున్నాడు. అయితే కొంత పొరపాటు పడ్డాడు. దోమ నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు తాగితే జ్వరం వస్తుంది అనుకున్నాడు.

ఈ సంగతి తేల్చాలని రోనాల్డ్ రాస్ పూనుకున్నాడు. ఆయన 1857లో మన దేశంలోనే, అల్మోరాలో పుట్టాడు. ఇంగ్లీషు ప్రభుత్వంలో సైనిక డాక్టరు. 1895లో సికిందరాబాదులో పని మొదలుపెట్టాడు. మధ్యలో వేరే ఊళ్ళకు పంపారు. 1897లో మళ్ళీ వచ్చాడు.

ఆయన చేసిన పని దోమలను కోసి చూడటం. సూది మొనలతో దోమ కడుపును విడదీసి గాజు మీద పరచాలి. బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు ఓపికగా వెతకాలి. రెండేళ్ళు వెతికాడు. వందల దోమలు అయిపోయాయి. ఏమీ దొరకలేదు. ఎందుకంటే అవి మలేరియాను మోసే జాతి దోమలు కావు.

అది ఆగస్టు నెల. ఉక్కపోత. బేగంపేటలో చిన్న ఆస్పత్రి. పంఖా లాగితే దోమ ముక్కలు ఎగిరిపోతాయి. అందుకని పంఖా వద్దన్నాడు. చెమట తడికి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. కన్ను పెట్టే అద్దం పగిలి ఉంది.

ఈసారి రెక్కల మీద మచ్చలున్న దోమలు దొరికాయి. 16వ తేదీన వాటిని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చారు. ఆ రోజుల్లో రూపాయికి 16 అణాలు. ఒళ్ళు బాగా లేని మనిషి అణాల కోసం దోమలతో కుట్టించుకున్నాడంటే ఏం అవసరం వచ్చిందో! రాస్ పేరు పుస్తకాల్లో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఈయన పేరు తెలిసినవాళ్ళు తక్కువ.

20వ తేదీకి ఆ దోమలు కొన్నే మిగిలాయి. రాస్ ఒకదాన్ని కోశాడు. ఒళ్ళంతా వెతికాడు. కడుపు ఒక్కటే మిగిలింది. అప్పటికే అలసిపోయాడు. వదిలేద్దామా అనుకుంటూనే చూశాడు. కడుపు గోడ మీద గుండ్రటి బుడిపె ఉంది! అలాంటివి 80 పక్కపక్కన పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది, అంత చిన్నది. దాని లోపల నల్లని రేణువులు. అదే కాటుక పొడి. మామూలు దోమ కడుపులో అది ఉండదు.

మర్నాడు ఇంకో దోమను కోశాడు. అందులో బుడిపెలు ఇంకాస్త పెద్దవయ్యాయి. అంటే క్రిమి దోమలో బతుకుతోంది, పెరుగుతోంది.

పని సగంలో ఉండగా సెప్టెంబరులో రాజపుటానాకు బదిలీ చేశారు. 1898లో కలకత్తాలో మళ్ళీ మొదలుపెట్టాడు. అక్కడ పక్షులకు వచ్చే మలేరియాను చూశాడు. బుడిపెలు పగిలి, అందులోని క్రిములు దోమ లాలాజలంలోకి చేరాయి. కుట్టేటప్పుడు అక్కడినుంచే రక్తంలోకి పోతాయి. మనుషుల మలేరియాకూ ఇదే దారి అని ఆ ఏడే ఇటలీ డాక్టర్లు చూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేట భవనం ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు పెద్దామె మాటకు వద్దాం. చలిజ్వరాలన్నీ మలేరియా కావు. మలేరియాలోనూ రకాలున్నాయి. ఒక రకం మెదడుకు ఎక్కి ప్రాణం తీస్తుంది. రకాన్ని బట్టి మందులు వేరు. ఏ క్రిమి ఉందో చూడకుండా ఏ మాత్ర ఇస్తారు? ఒక్క చుక్క రక్తం పోతే నీరసం రాదు. ఇప్పుడు కొన్ని చోట్ల మైక్రోస్కోపు లేకుండా, చిన్న పట్టీ మీద చుక్క వేసి పావుగంటలో చెబుతున్నారు.

దోమను మీరూ చూడవచ్చు. మామూలు కంటితోనే. గోడ మీద దోమ ఎట్లా వాలిందో గమనించండి. మలేరియా దోమ తల కిందికి వంచి, తోక పైకెత్తి ఏటవాలుగా వాలుతుంది. మిగతావి గోడకు సమంగా ఉంటాయి. కుట్టేది ఆడదోమే. గుడ్లు పెట్టాలంటే దానికి రక్తం కావాలి.

నీళ్ళ తొట్టిలోనుంచి గాజు గ్లాసుతో నీళ్ళు ముంచి ఎండలో పెట్టండి. మెలికలు తిరిగే సన్నని పురుగులు కనిపిస్తే అవి దోమ పిల్లలు. నీటి పైన అడ్డంగా పడుకున్నట్టు ఉంటే మలేరియా దోమవి. తల కిందులుగా వేలాడుతుంటే వేరే జాతివి. ఆ వేరే జాతుల్లోనే డెంగీ దోమ కూడా ఉంది. గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి వారం, పది రోజులు చాలు. అందుకే తొట్టిని వారానికి ఒకసారి ఎండబెట్టమంటారు.

చూడటం అయ్యాక గ్లాసులో నీళ్ళు తిరిగి తొట్టిలో పోయకండి. ఎండలో, పొడి నేల మీద పారబోయండి.