పాఠం 14: చెవులపిల్లి చేతికి దొరికితే

14.1 పరిచయం

జూలై నెల. మొదటి వానలు పడ్డాయి. మీరు మీ కుక్కను తీసుకుని ఉదయం నడకకు మరోదా చెరువు వైపు వెళ్లారనుకోండి. ఒకచోట కుక్క గడ్డిలో ముక్కు పెట్టి ఆగిపోయింది. వంగి చూస్తే పిడికెడంత గోధుమ రంగు పిల్ల. ఒంటి నిండా బొచ్చు ఉన్నది. కళ్లు తెరిచే ఉన్నాయి. కాని కదలదు. పక్కన తల్లి లేదు. మీరు ఏం చేస్తారు?

చాలామంది జాలిపడి దాన్ని తువ్వాలులో చుట్టి ఇంటికి తెస్తారు. పాలు కాచి, దూది ముంచి నోట్లో పిండుతారు. ఇరుగుపొరుగు పిల్లలు వచ్చి ముద్దు చేస్తారు. మర్నాడో, మూడోనాడో పిల్ల చనిపోతుంది. "దాని ఆయుష్షు అంతే" అనుకుంటారు. చాలాసార్లు ఆయుష్షు లోపం కాదు, తెలియక చేసిన సాయమే దాన్ని చంపింది.

14.2 ఈ పాఠం చదివిన తరువాత

అడవి కుందేలుకూ పెంపుడు కుందేలుకూ ఉన్న తేడాను మీరు మీ మాటల్లో చెప్పగలుగుతారు. పిల్ల దొరికినప్పుడు మొదటి గంటలో ఏం చేయాలో నిర్ణయించుకోగలుగుతారు. అధికారికి ఒక చిన్న ఉత్తరం రాయగలుగుతారు. 'కుందేలు' 'కుందేటి' ఎందుకు అవుతుందో కూడా తెలుసుకుంటారు.

14.3 ఒక పేరు, రెండు జంతువులు

తెలుగులో మనకు ఒక చిక్కు ఉన్నది. సంతలో పంజరంలో పెట్టి అమ్మే తెల్లనిదాన్నీ కుందేలు అంటాం, పొలం గట్టు మీద మెరుపులా దూకి మాయమయ్యేదాన్నీ కుందేలు అంటాం. కొన్ని ప్రాంతాలలో 'చెవులపిల్లి' అనే పేరు కూడా ఉన్నది. పేరు ఒకటి కావడం వల్ల రెండూ ఒకే జంతువు అనుకుంటాం. కావు.

సంతలోని కుందేలు పూర్వికులు ఐరోపావి. అవి నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికేవి. వాటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. మనిషి వాటిని ఎన్నో తరాలుగా పెంచుతూ వచ్చాడు. మన పొలాలలోని అడవి కుందేలు బొరియ తవ్వుకోదు. గడ్డిలో ఒళ్లు పట్టేంత గుంత చేసుకుని పగలంతా అందులోనే నక్కి ఉంటుంది. దాని పిల్ల బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడుతుంది. రెండింటికీ పిల్లలు కలగవు. క్రోమోజోముల సంఖ్యే వేరు: పెంపుడు కుందేలుకు 44, అడవి కుందేలుకు 48.

దక్షిణాదిన కనిపించే అడవి కుందేలు మెడ వెనుక నల్లటి మచ్చ ఉంటుంది. గోదావరికి ఉత్తరాన, భిలాయి వైపు ఎక్కువగా కనిపించే రకానికి తోక పైభాగం ఎర్రగోధుమ రంగులో ఉంటుంది. శ్రీకాకుళం నుంచో, విజయనగరం నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దలు ఇంటి దగ్గర రెండు రకాల మాటలూ విని ఉంటారు. అడిగి చూడండి.

'అడవి' అంటున్నాం గాని దీనికి దట్టమైన అడవి అక్కర లేదు. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన నాటి నుంచి భిలాయి ఊరు పెరుగుతూనే ఉన్నది. అయినా ఊరి అంచున వరి మళ్లు, బీళ్లు, తుప్పలు మిగిలి ఉన్నాయి. కుందేలుకు సరిగ్గా అటువంటి చోటే కావాలి. వీధికుక్కలు తిరిగేదీ అక్కడే.

14.4 తల్లి ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు. దగ్గరలోనే ఏదో తుప్పలో ఉన్నది. తల్లి పిల్లల పక్కనే కూర్చుంటే దాని వాసన పట్టి నక్క, కుక్క వస్తాయి. అందుకని అది పగలంతా దూరంగా ఉంటుంది. చీకటి పడిన తరువాత వచ్చి, కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. రోజుకు సాధారణంగా ఒక్కసారే. పిల్ల కదలకుండా పడి ఉండడం జబ్బు కాదు. దానికి పుట్టుకతో వచ్చిన రక్షణ అదే.

కాబట్టి పిల్లకు గాయం లేకపోతే దాన్ని ముట్టుకోకుండా వచ్చేయడమే మీరు చేయగల పెద్ద సాయం. కుక్కను వెంటనే గొలుసుతో పట్టుకుని దూరం తీసుకుపోండి. పిల్లను అప్పటికే ఇంటికి తెచ్చేశారా? కంగారు పడవద్దు. అదే రోజు సాయంత్రం లోపల, దొరికిన చోటనే, గడ్డి చాటున పెట్టి రండి. మనిషి చేయి తగిలితే తల్లి ఇక రాదన్న మాట మన పల్లెల్లో బాగా ఉన్నది. ఆ భయంతో పిల్లను ఇంట్లో ఉంచేయకండి. మనిషి వాసన కంటే తల్లి లేకపోవడమే దానికి ఎక్కువ ప్రమాదం.

కుక్క పిల్లను నోట కరిచి తెచ్చిందా? అప్పుడు సంగతి వేరు. పైకి రక్తం కనిపించకపోయినా కుక్క పంటి గాటు వల్ల లోపల చీము పట్టవచ్చు. పశువైద్యుడు చూడవలసిందే.

పాఠ్యగత ప్రశ్న 1: పగటిపూట తల్లి పిల్ల దగ్గర ఎందుకు ఉండదు? ఒక వాక్యంలో రాయండి.

14.5 పాలు, పొట్ట

ఆవుపాలలో వందకు నాలుగు పాళ్లు కొవ్వు ఉంటుందని మీకు తెలుసు. అడవి కుందేటి పాలలో అంతకు మూడు రెట్లకు పైగా ఉంటుంది. రోజుకు ఒక్కసారి తాగి ఇరవై నాలుగు గంటలు గడపాలంటే పాలు అంత చిక్కగా ఉండాలి మరి. మనం పోసే పలుచని ఆవుపాలకు పిల్ల పొట్ట ఉబ్బుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తులలోకి పోతాయి. పై పాలు వేటితో పట్టాలి, ఎంత పట్టాలి అన్నది పిల్ల బరువును బట్టి పశువైద్యుడు చెప్పాలి. ఆయన చెప్పేదాకా ఏమీ పోయకపోవడం మేలు.

పెరిగిన కుందేలు ఇంకో పని చేస్తుంది, చూసినవాళ్లకు రోత కలుగుతుంది. అది తన మెత్తటి పెంటికలను తానే తింటుంది. ఆకు, గడ్డి ఒక్కసారిలో పూర్తిగా అరగవు. పేగులో సూక్ష్మజీవులు తయారుచేసిన విటమిన్లను ఇలా రెండోసారి తిని దక్కించుకుంటుంది. ఆవు నెమరు వేయడం వంటిదే ఇది. కాకపోతే దారి వేరు.

14.6 కుక్క పక్కన కుందేలు

విజయనగర స్థాపన గురించి మనవాళ్లు చెప్పుకునే కథ మీరు విని ఉంటారు. హరిహరరాయలు, బుక్కరాయలు తుంగభద్ర ఒడ్డున వేటకు పోతే ఒక కుందేలు వేటకుక్కల మీదే తిరగబడిందట. ఆ నేలలో పౌరుషం ఉన్నదని విద్యారణ్యులు అక్కడే నగరం కట్టమన్నారట. కథ బాగుంది. అది కథగా నిలిచింది అంటేనే అలా జరగడం ఎంత అరుదో అర్థమవుతుంది.

నిజంగా జరిగింది ఒకటి చెప్పుకుందాం. విలియం కూపర్ అనే ఆంగ్ల కవి 1774లో తీవ్రమైన మనోవ్యాధితో బాధపడుతుండగా పొరుగింటి పిల్లలు విసిగి వదిలేసిన ఒక కుందేలుపిల్లను తీసుకున్నాడు. తరువాత మరికొన్ని వచ్చాయి. మూడింటిని పెంచాడు. పస్, టైనీ, బెస్ అని ఆడపేర్లు పెట్టాడు గాని మూడూ మగవే. 1784లో ఒక పత్రికకు రాసిన లేఖలో వాటి స్వభావాలను ఒక్కొక్కటిగా వివరించాడు. పస్ జబ్బు పడితే ఆయన సేవ చేశాడు. అది కోలుకున్నాక ఆయన చేయి నాకేది, ఒళ్లో కూర్చునేది. టైనీకీ అంతే ఆదరణ దొరికింది, అయినా అది ఏళ్ల తరబడి గుర్రుమంటూ, ముందుకాళ్లతో కొడుతూ, కరుస్తూనే ఉన్నది. బెస్ చిన్నతనంలోనే పోయింది. చూడండి, ఒకే ఇల్లు, ఒకే చేయి, మూడు దారులు.

ఆ ఇంట్లోనే మార్క్విస్ అనే స్పానియల్ కుక్క ఒకటి ఉండేది. ఆ కుక్క అంతకు ముందు కుందేలును చూడలేదు, పస్ కుక్కను చూడలేదు. కూపర్ ఎంతో జాగ్రత్తగా రెండింటినీ ఎదురెదురుగా పెట్టాడు. పస్ బెదరలేదు, కుక్క ఉరకలేదు. పస్ పన్నెండేళ్లకు దగ్గరగా బతికింది.

ఈ సంగతి చదివి "మన కుక్క కూడా సాధుజంతువే, చక్కగా కలిసిపోతాయి" అనుకునేరు. తొందరపడకండి. కుందేలు కూర్చుని ఉన్నంతసేపూ కుక్క దాన్ని వాసన చూసి ఊరుకోవచ్చు. ఏ గిన్నో కింద పడి చప్పుడైతే కుందేలు ఒక్క ఉదుటున పరుగెత్తుతుంది. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క నేర్చుకున్నది కాదు, దాని రక్తంలో ఉన్నది. అంతవరకు చాప మీద పక్కనే పడుకున్న కుక్కే ఆ క్షణంలో వేటకుక్క అవుతుంది. కుక్క పట్టుకోకపోయినా, మూసిన గదిలో బెదిరిన కుందేలు గోడలకు కొట్టుకుని నడుము విరగ్గొట్టుకుంటుంది. ఒక్కోసారి బెదురుకే చనిపోతుంది.

నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది మరొకటి. మీ కుక్క నిజంగానే బుద్ధిమంతురాలు అనుకుందాం. ఆరు నెలలు రెండూ కలిసి పెరిగాయి. కుందేలు ఏం నేర్చుకున్నది? కుక్క వాసన వస్తే భయపడనక్కర లేదని నేర్చుకున్నది. తరువాత మీరు దాన్ని బీడులో వదిలారు. మొదటి వీధికుక్క ఎదురు వస్తే అది నక్కదు, పరుగెత్తదు. మనం ప్రేమతో దాని దగ్గర నుంచి తీసేసుకున్నది దానికున్న ఒకే ఒక ఆయుధాన్ని. కూపర్ కుందేళ్లు ఇంట్లోనే బతికి ఇంట్లోనే పోయాయి కనుక ఆయనకు ఈ చిక్కు రాలేదు. ఇటీవల ఇంగ్లండులోనే క్లోయీ డాల్టన్ అనే రచయిత్రి ఒక కుందేలుపిల్లను సాకి, పేరు పెట్టకుండా, దాని ఇష్టం వచ్చినట్లు వచ్చిపోయేలా ఉంచింది. ఆ అనుభవాన్ని 2024లో పుస్తకంగా ప్రచురించింది. పేరు పెట్టకపోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. పెట్టిన వెంటనే "మాది" అంటాం, చూడండి.

వైద్యుడి దగ్గరకో, అధికారి దగ్గరకో చేర్చేవరకు కొన్ని గంటలు ఇంట్లో ఉంచక తప్పదు అనుకోండి. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో పాత నూలుగుడ్డ పరిచి, పిల్లను ఉంచి మూత వేయండి. కుక్క చొరలేని గదిలో, చీకటిగా, చప్పుడు లేని చోట పెట్టండి. వేసవి అయితే కూలరు గాలి నేరుగా తగలనివ్వకండి. కుక్కను నిమిరిన చేతులు కడుక్కోకుండా పిల్లను ముట్టుకోవద్దు. పదేపదే మూత తీసి చూడవద్దు. పిల్లలకు చూపించాలని ఉంటుంది, ఒద్దనండి.

పాఠ్యగత ప్రశ్న 2: కుక్కతో కలిసి పెరిగిన కుందేలును బీడులో వదిలితే వచ్చే ప్రమాదం ఏమిటి?

14.7 చట్టం మాట

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. భిలాయిలోని మైత్రీబాగ్ జంతు ప్రదర్శనశాల వయసూ అంతే. ఈ చట్టం దృష్టిలో 'వేట' అంటే చంపడం మాత్రమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు వేయడం కూడా వేటే. 2022లో చట్టాన్ని సవరించారు, సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అడవి కుందేలుకు రక్షణ ఇప్పటికీ ఉన్నది. చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వానికి చెందిన వన్యప్రాణి ఎవరి చేతికి వచ్చినా 48 గంటల లోపల దగ్గరలోని పోలీసు స్టేషనుకు గాని, అధికారం ఉన్న అధికారికి గాని తెలియజేయాలి. సంతలో కొన్న తెల్ల కుందేలుకు ఇవేవీ వర్తించవు. కుందేలును పెంచాలని నిజంగా ముచ్చటగా ఉంటే దాన్నే పెంచుకోండి.

14.8 భాషాంశం

'తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు' అన్న సామెత మీకు తెలుసు. మొండివాదన చేసేవారి గురించి అంటాం. 'కుందేలుకు' అనకుండా 'కుందేటికి' అన్నారు. కొన్ని నామవాచకాలకు విభక్తి చేరేటప్పుడు చివరి అక్షరం 'టి'గా మారుతుంది. వీటిని ఔపవిభక్తికాలు అంటారు. వాకిలి, వాకిటిలో, నాగలి, నాగటికి, నీరు, నీటిలో. నేటి వాడుకలో 'కుందేలుకు' అన్నా తప్పు లేదు. ఈ పాఠంలో రెండూ వాడాం, వెతికి గీత గీయండి.

పాఠాంత కృత్యం

దుర్గ్‌లోని అటవీ అధికారికి ఉత్తరం రాయండి. ఇక్కడి కార్యాలయాలలో హిందీలో ఇవ్వవలసి వస్తుంది. ముందు తెలుగులో రాసుకుంటే ఏం చెప్పాలో స్పష్టమవుతుంది. ఏ తేదీన, ఏ సమయానికి, ఎక్కడ దొరికింది, గాయం ఉన్నదా, ఇప్పుడు ఎక్కడ ఉంచారు, మీకు కబురు ఎలా చేయాలి అన్నవి ఉండాలి. మొదలు ఇలా ఉండవచ్చు: "అయ్యా, ఈ రోజు ఉదయం ఆరు గంటలకు చెరువు గట్టు దగ్గర మా కుక్క ఒక అడవి కుందేలుపిల్లను కరిచి తెచ్చింది. పిల్ల బతికి ఉన్నది. పశువైద్యునికి చూపించాము." మిగిలింది మీరు పూర్తి చేయండి. పది వాక్యాలు దాటవద్దు.

జవాబులు

1. తన వాసన పట్టి శత్రువులు పిల్లల దగ్గరకు రాకుండా తల్లి దూరంగా ఉంటుంది.
2. కుక్క అంటే భయం పోతుంది కనుక వీధికుక్క ఎదురైనప్పుడు తప్పించుకోదు.