ఆపేయకు, వాయిదా వెయ్యి

చిరంజీవి బుజ్జికి,

 

నీ మెసేజ్ చూశాను. పదకొండో తేదీ రాత్రి పదిన్నరకి కొట్టు లెక్కలు జీఎస్టీ పోర్టల్‌కి ఎక్కిస్తుంటే కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అయిందనీ, తెర మీద శాతాలు చూసుకుంటూ అరగంట కూర్చున్నావనీ, ఈ అప్‌డేట్లను శాశ్వతంగా వదిలించుకునే దారి చెప్పమనీ రాశావు. దారులున్నాయి. నేను చెప్పకపోతే యూట్యూబ్ చెప్తుంది కాబట్టి ముందు అవేమిటో నేనే చెప్తాను.

మీ ఇంట్లో ఉన్నది విండోస్ 11 హోమ్. ప్రో ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ అని ఒకటుంటుంది. డౌన్‌లోడ్ చేసే ముందు తప్పనిసరిగా నన్నడగాలి అని అందులో పెట్టుకోవచ్చు. హోమ్‌లో ఆ సదుపాయం లేదు. అందుకని సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్‌ని డిజేబుల్ చెయ్యమంటారు. చేస్తే ఆగుతుంది, కొన్నాళ్లు. దానికి కాపలాగా మెడిక్ సర్వీస్ అని ఇంకొకటుంది, అదొచ్చి నువ్వు పడుకోబెట్టినదాన్ని మళ్లీ లేపుతుంది. అప్పుడిక జనం రిజిస్ట్రీలో వేలు పెడతారు. లేదంటే ఎవరో తయారుచేసిన బ్లాకర్ దింపుకుని దానికి అడ్మిన్ అనుమతి ఇస్తారు. మీ నాన్న బ్యాంకు లావాదేవీలు చేసే కంప్యూటర్‌లో ఊరూ పేరూ తెలియనివాడి ప్రోగ్రామ్‌కి ఆ అనుమతి ఇవ్వడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

పైగా అప్‌డేట్ల సర్వీసును చంపేస్తే ఆగేది నెలకోసారి వచ్చే పెద్ద అప్‌డేట్ ఒక్కటే కాదు, విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్‌కి రోజూ అందే కొత్త వైరస్‌ల వివరాలు కూడా మామూలుగా వచ్చేది ఆ దారిలోనే.

నీ కోపం అన్యాయమని మాత్రం అనను. మైక్రోసాఫ్ట్ ఈ విషయంలో జనాన్ని విసిగించిన మాట నిజం. అడగకుండానే విండోస్ 10 ఎక్కి తన కంప్యూటర్ మూలపడిందని కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెంట్ కోర్టుకెళ్లింది. అప్పీలు వదులుకుని 2016లో ఆ కంపెనీ ఆవిడకి 10,000 డాలర్లు కట్టింది. 2018 అక్టోబర్‌లో ఇచ్చిన పెద్ద అప్‌డేట్ మరీ ఘోరం. కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోని ఫైళ్లే మాయమయ్యాయి. రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకుని, సరిచేసి, నవంబర్ 13న మళ్లీ వదిలారు.

ఇంకో మాట మీ నాన్న తప్పకుండా ఎత్తుతాడు. 2024 జులై 19న శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు కదా, అదీ అప్‌డేట్ వల్లే కదా అంటాడు. అది విండోస్ అప్‌డేట్ కాదని చెప్పు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు ఫైలు అది. ఆ సాఫ్ట్‌వేర్ పెద్ద పెద్ద సంస్థలు కొనుక్కునేది, మన ఇళ్లలో ఉండదు.

మరి ఇంత తెలిసీ ఆపొద్దని ఎందుకంటున్నానంటే, 2017 సంగతి వల్ల. విండోస్‌లో ఫైళ్లూ ప్రింటర్లూ పంచుకునే పాత పద్ధతిలో ఒక లొసుగు బయటపడింది. దాన్ని పూడ్చే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ మార్చి 14న ఇచ్చింది. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 14న, ఆ లొసుగులోంచి దూరే పనిముట్టును షాడో బ్రోకర్స్ అనే ముఠా ఇంటర్నెట్‌లో పడేసింది. మే 12న వానాక్రై అనే వైరస్ వచ్చింది. ఎవరూ ఏ లింకూ నొక్కక్కర్లేదు, ఒక కంప్యూటర్ నుంచి పక్కదానికి తనే పాకేది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమని తెర మీద నోటీసు పెట్టేది. ఇంగ్లండులో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. ఇక్కడ ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారినపడ్డాయి. మార్చి ప్యాచ్ పడిన కంప్యూటర్లలోకి మాత్రం ఆ దారిన అది దూరలేకపోయింది.

మార్చి 14 నుంచి మే 12కి 59 రోజులు. ఇప్పుడు విండోస్ 11లో అప్‌డేట్లను నువ్వు ఒక్క విడతలో 35 రోజుల దాకా నిలిపి ఉంచుకోవచ్చు. అంటే ఆ గడువు మొత్తం వాడేసుకున్నవాడు కూడా మే 12 నాటికి ప్యాచ్ వేసుకునే ఉండేవాడు. మునిగింది అసలు వేసుకోనివాళ్లూ, ప్యాచ్‌లు రావడం మానేసిన పాత విండోస్‌తోనే నెట్టుకొస్తున్నవాళ్లూ.

అలాగని ప్రతిసారీ 35 రోజులూ సాగదీయకు. ప్యాచ్ బయటికి రాగానే పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లుంటారు. ఏం మారిందో తెలిస్తే లొసుగు ఎక్కడుందో తెలిసినట్టే. కొన్ని లొసుగులనైతే ప్యాచ్ రాకముందే దొంగలు వాడుకుంటూ ఉంటారు. రెండేళ్లుగా ఆపేశాను, నాకేం కాలేదు అన్న నీ స్నేహితురాలు అబద్ధం చెప్పడం లేదు. హెల్మెట్ లేకుండా రెండేళ్లు బండి నడిపినవాళ్లు మన వీధిలోనూ ఉన్నారు.

ఇప్పుడు నీ పదకొండో తేదీ సంగతి. అది నీ దురదృష్టం కాదు, క్యాలెండర్. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం వస్తుంది, 2003 నుంచీ అదే ఆనవాయితీ. మనకి అప్పుడు రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. రెండో మంగళవారం 8కి ముందు రాదు, 14 దాటదు. మీలా నెలనెలా రిటర్ను వేసేవాళ్లకి జీఎస్టీఆర్-1 గడువు 11. రెండూ ఒకే వారంలో ఢీకొంటాయి, వచ్చే నెలా ఢీకొంటాయి.

కాబట్టి ప్రతి నెలా 7న సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి రెండు వారాలకి పాజ్ పెట్టు. 21 దాకా నిన్నెవరూ కదిలించరు. 20న వేసే జీఎస్టీఆర్-3బీ కూడా అయిపోతుంది. ఈలోగా ఆ నెల అప్‌డేట్‌లో పెద్ద తేడా ఏదైనా ఉంటే లోకమంతా గోల పెడుతుంది, వాళ్లు దిద్దుకుంటారు. పాజ్ తీరిన తర్వాత వచ్చే ఆదివారం, కొట్టు మూశాక, రీస్టార్ట్ నువ్వే చెయ్యి.

అదే పేజీలో, అప్‌డేట్లు రాగానే వెంటనే ఇవ్వమనే మీట ఒకటుంటుంది. అది ఆఫ్‌లో ఉంచు. ఆన్ చేస్తే నెలాఖరున వచ్చే ప్రయోగాత్మక అప్‌డేట్లు కూడా నెత్తిన పడతాయి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో యాక్టివ్ అవర్స్ ఉంటాయి, అంటే ఈ వేళల్లో రీస్టార్ట్ చేయకు అని చెప్పడం. దానంతటదే లెక్కేసుకునే పద్ధతిలో వదిలేస్తే పగటి పని చూసి రాత్రి నువ్వుండవనుకుంటుంది. మాన్యువల్ చేసి ఉదయం 7 నుంచి రాత్రి 1 గంట దాకా పెట్టు. 18 గంటలు, అంతకుమించి ఇవ్వదు. రీస్టార్ట్ కావాల్సినప్పుడు ముందే తెలియజేయమనే మీట మాత్రం ఆన్ చెయ్యి.

బ్రాడ్‌బ్యాండ్ పోయి ఫోన్ హాట్‌స్పాట్ వాడే రోజుల్లో ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా గుర్తుపెట్టు. లేకపోతే రోజు కోటా అప్‌డేటే తినేస్తుంది.

గోడౌన్‌లో లేబుళ్లు కొట్టే పాత కంప్యూటర్ ఉందే, దానికి నెట్ లేదు, పెన్‌డ్రైవ్ కూడా పెట్టరు. దాని అప్‌డేట్ల గురించి నాకు పట్టింపు లేదు.

ఆదివారం రీస్టార్ట్‌కి ముందు రెండు పనులు. ట్యాలీ డేటా ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ పెన్‌డ్రైవ్‌ని కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టు. 2018లో ఫైళ్లు పోయినవాళ్లలో ఏడవకుండా మిగిలింది ఇలా కాపీ ఉన్నవాళ్లే. రెండోది, యూపీఎస్. కిందటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను, కరెంటు పోగానే అది కుయ్యిమని అరిచి నిమిషంలోపే చచ్చింది. అప్‌డేట్ సగంలో ఉండగా అలా జరిగితే మరుసటి రోజు విండోస్ లేవకపోవచ్చు. బ్యాటరీ మార్పించమని మీ నాన్నతో చెప్పు, నా పేరు చెప్పి చెప్పు.

అప్‌డేట్ పడ్డాక ప్రింటర్ పనిచేయడం మానేసిందనుకో, కంగారుపడకు. అప్‌డేట్ హిస్టరీలో అన్‌ఇన్‌స్టాల్ ఉంటుంది. ఆ ఒక్కదాన్నీ తీసేసి మళ్లీ రెండు వారాలు పాజ్ పెట్టి నాకు ఫోన్ చెయ్యి.

చాలా అరుదుగా, అప్‌డేట్ తర్వాత తెర మీద, డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ తన రికవరీ కీ అడుగుతుంది. మీ నాన్న మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి అది ఉందో లేదో ఈ వారమే చూడు. ఉంటే ఆ 48 అంకెలూ నోట్‌బుక్‌లో రాసి, ఇంకోసారి అంకె అంకె సరిచూసి, పెన్‌డ్రైవ్ పక్కనే పెట్టు. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మీ నాన్నకి గుర్తుండదని నాకు తెలుసు, అక్కడి నుంచే మొదలుపెట్టు.

ఇట్లు
మీ పెదనాన్న