రేచీకటి, మేనరికం: దంపతులు తెలుసుకోవలసిన సంగతి

దీపాలు పెట్టే వేళకు మీ బిడ్డ గుమ్మం దగ్గర తడబడుతున్నాడా? పగలంతా చక్కగా ఆడుకున్నవాడు, చీకటి పడేసరికి కంచం ఎక్కడుందో చేత్తో వెతుక్కుంటున్నాడా? దీనినే మనవాళ్లు రేచీకటి అంటారు. ఇది తిండి లోపం వల్ల రావచ్చు, పుట్టుకతోనూ రావచ్చు. ఈ తేడా తెలియక ఏళ్ల తరబడి మందులు మింగించేవారూ ఉన్నారు, దిష్టి అనుకుని తాయెత్తులు కట్టించేవారూ ఉన్నారు.

కంటి లోపల వెనుక వైపు రెటీనా అనే పల్చని పొర ఉంటుంది. వెలుతురును పట్టే కణాలు అందులో రెండు రకాలు. శంకు ఆకారంలో ఉండేవి పగటి చూపుకూ, రంగులకూ. ఇవి ఒక్కో కంట్లో సుమారు 60 లక్షలు. కడ్డీల్లా ఉండేవి మసక వెలుతురులో చూపుకు. ఇవి దాదాపు 12 కోట్లు! ఈ కడ్డీ కణాలలో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు సోకగానే అది మారిపోతుంది, ఆ కబురు మెదడుకు చేరుతుంది. అది మళ్లీ తయారైతేనే చీకట్లో చూపు ఆనుతుంది. ఎండలోంచి ఇంట్లోకి రాగానే కాసేపు ఏమీ కనిపించకపోవడం మీకు అనుభవమే కదా.

రొడాప్సిన్ తయారు కావడానికి రెండు కావాలి. ఒకటి ఎ విటమిన్. ఇది పాలు, గుడ్డు, తోటకూర, మునగాకు, బొప్పాయిపండు వగైరాల నుంచి వస్తుంది. రెండవది ఒక మాంసకృత్తు. దానిని ఎలా తయారు చేయాలో ఒంటికి చెప్పేది తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువు. విటమిన్ తక్కువైతే పూడ్చవచ్చు. జన్యువులో తప్పుంటే మాత్రం ఎంత ఆకుకూర పెట్టినా రేచీకటి పోదు. కొందరికి అది ఉన్నచోటే ఆగిపోతుంది. మరికొందరికి కడ్డీ కణాలు క్రమంగా చచ్చిపోయి, పక్కచూపు తగ్గి, గొట్టంలోంచి చూస్తున్నట్లు అవుతుంది. దీనిని డాక్టర్లు రెటినైటిస్ పిగ్మెంటోసా అంటారు. ఇది ప్రపంచంలో సుమారు 4,000 మందిలో ఒకరికి ఉంటుంది. రొడాప్సిన్ జన్యువులోని తప్పు ఇందుకు ఒక కారణమని 1990లో తేలింది. ఇలాంటి జన్యువులు ఇంకా పదుల సంఖ్యలో ఉన్నాయి.

ఇక మేనరికం మాట. జన్యువులు జతలుగా ఉంటాయి. జతలో ఒకటి చెడ్డదైనా రెండవది మంచిదైతే, చాలా రకాలలో ఆ మనిషికి చూపు బాగానే ఉంటుంది, లోపం ఉన్నట్లే తెలియదు. మేనమామకు ఉన్న అలాంటి జన్యువు మేనకోడలికీ ఉండే అవకాశం నాలుగింట ఒకటి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయితే ఎనిమిదింట ఒకటి. ఇద్దరిలోనూ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. "పెద్దవాడికి వచ్చింది, ఇక ముగ్గురికి రాదులే" అనుకోకండి. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటికే! ఈ రకంలో చెరొకటి ఇస్తేనే జబ్బు వస్తుంది కనుక, కోడలిని ఆడిపోసుకోవడం అన్యాయం. మేనరికం చేసుకున్నవారి పిల్లలలో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. బయటి సంబంధాలలోనూ ఈ జబ్బు రావచ్చు.

బిడ్డకు 9వ నెలలో లక్ష యూనిట్ల ఎ విటమిన్ ద్రావణం, తర్వాత ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల చొప్పున ఐదేళ్లు నిండేదాకా పోయించండి. చూపు రాలేదని సొంతంగా ఎక్కువ పోయకండి. గర్భిణి పెద్ద మోతాదులు తీసుకుంటే కడుపులో బిడ్డకే చేటు. డాక్టరు చెప్పిన మోతాదు ఇచ్చినా రేచీకటి తగ్గకపోతే కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. తోబుట్టువులనూ చూపించండి. జన్యువు తెలుసుకునే రక్తపరీక్ష పెద్ద ఆసుపత్రులలో ఉంది. ఒక్క రకం జన్యులోపానికి కంట్లోకి ఎక్కించే మందును అమెరికాలో 2017లో అనుమతించారు. అది అన్ని రకాలకూ పనికిరాదు. ఖాయంగా నయం చేస్తామనేవారిని నమ్మి పొలం అమ్ముకోకండి.

పరీక్ష ఫలితం తెలిసేవరకు మరో కాన్పును వాయిదా వేసుకోవచ్చు. నిరోధ్, మాత్రలు, కాపర్-టి, వీటిలో మీకు ఏది తగునో నర్సమ్మను అడగండి. ఆపరేషన్ విషయం మాత్రం ఫలితం తెలిశాక భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. అందాకా పిల్లవాణ్ణి బడిలో వెలుతురు పడేచోట కూర్చోబెట్టమని మాస్టారుకు చెప్పండి, పొద్దుగూకాక సైకిలు తొక్కనివ్వకండి.