ముందు వైరు లేకుండా వాయించు

ఉంగుటూరు

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. మొదటి జీతం పడగానే పికప్ ఉన్న గిటారు కొంటున్నావట, అదీ ఫోన్లో బొమ్మ చూసి. క్రిస్మస్‌కి మన చర్చి క్వయర్‌లో నువ్వే వాయిస్తానన్నావట. ఆ మాట విని నేనెంత మురిసిపోయానో మీ అత్తనడుగు. కానీ నువ్వు పెట్టిన మెసేజీలో ‘సాలిడ్ టాప్ మావయ్యా, ఈ ధరకి మళ్లీ దొరకదు’ అన్న ముక్క చూశాక నాకు నిద్ర పట్టలేదు.

సాలిడ్ టాప్ అంటే పైపలక పొరలు లేని అసలు చెక్క. మంచి గిటార్లు అలాగే చేస్తారు, కాదనను. కానీ ఆ చెక్క చెమ్మ తాగుతుంది. మన ఊరి గాలి సంగతి నీకు వేరే చెప్పాలా? అటు కొల్లేరు, ఇటు వరి చేలు, మధ్యలో చేపల చెరువులు. వానాకాలంలో బీరువాలో బట్టలకే బూజు పడుతుంది. చెమ్మ పట్టిన పలక నారకి అడ్డంగా సాగి, బ్రిడ్జి వెనక ఉబ్బుతుంది. దాంతో తీగలు పైకి లేస్తాయి. నొక్కలేక వేళ్లు పుళ్లు పడతాయి. అదే గిటారు హైదరాబాద్‌లో నీ ఏసీ గదిలో ఎండితే పలక కుంగుతుంది, మరీ ఎండితే నార వెంట చీలుతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే గిటారుకి హాయి అంటారు. ఇక్కడ వానాకాలంలో ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది?

అందుకని పదిహేను వేల లోపు కొనేటప్పుడు పొరలు అతికించిన పలకే కొనుక్కో. ఒక పొర నార నిలువుగా, ఇంకో పొర నార అడ్డంగా ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి కదలనివ్వవు. నాదం కాస్త తగ్గుతుంది, తగ్గనీ. అమెరికాలో హెలికాప్టర్లు తయారుచేసే చార్లెస్ కామన్ అనే ఆయన 1966లో ఓవేషన్ గిటార్లు మొదలుపెట్టినప్పుడు, వెనక డొప్పని చెక్క మానేసి ఫైబర్‌గ్లాస్‌తో చేయించాడు. హెలికాప్టర్ల మనిషికే చెక్క మీద నమ్మకం చాల్లేదు, మనమెంత? ఇక్కడికి తెచ్చినప్పుడు గిటారు పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. మీ అమ్మ కొన్న చెప్పుల డబ్బాల్లో వచ్చినవన్నీ నీ కోసం దాచి ఉంచాను.

అన్నం వేళకి తింటున్నావా? మొన్న ఫొటోలో చిక్కిపోయి కనిపించావు.

ఇక పికప్ సంగతి. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్‌ని తలచుకో. మాండొలిన్ మీద మీటిన స్వరం ఠంగుమని ఆగిపోతుంది, గమకానికేమో నాదం నిలవాలి. అందుకే ఆయన కరెంటు మాండొలిన్ పట్టాడు, జంట తీగలు తీసేసి ఒంటి తీగలు అయిదు కట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ రాదు. ఆయన పాడితే పిల్లాడు తీగల మీద పలికించేవాడు. 1978లో కొల్లేటికి అవతల గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 2014లో ఆయన పోయారని తెలిసిన రోజు నాకు ముద్ద దిగలేదు. ఆయన సంగీతమే కరెంటు కావాలంది. నీకు పికప్ కావాల్సింది క్వయర్ గొంతుల మధ్య వినపడ్డానికే. ఆ పనికి సాడిల్ కింద పట్టీ ఒకటి, రెండు మూడు మరలున్న ప్రీఆంప్ ఒకటి చాలు. బ్లూటూత్, ఎకో ఉన్నాయని దుకాణం వాడు చెప్పినా వినకు.

మా రోజుల్లో ఇదీ లేదు. నవమి పందిళ్లలో గిటారు గుండ్రటి రంధ్రం ముందు మైకు పెట్టేవాళ్లం. ముందుకు వంగితే మైకు కూత, వెనక్కి జరిగితే మనం వాయిస్తున్నట్టే ఎవరికీ తెలియదు. తర్వాత మా బృందంలో ఒకడు పికప్ గిటారు కొన్నాడు. జాక్ దూర్చి ఉంచినంతసేపూ లోపల బ్యాటరీ అయిపోతూనే ఉంటుందని వాడికి తెలియదు. రాత్రంతా అలాగే వదిలేశాడు. మర్నాడు కైకరం పెళ్లిలో చరణం మధ్యలో గిటారు మూగబోయింది. పెళ్లికొడుకు తాతగారు మాత్రం అక్కడ అలా ఆపడం చాలా బాగుందని మెచ్చుకున్నారు! నువ్వు వాయించడం అవగానే జాక్ పీకెయ్యి. 9 వోల్టుల బ్యాటరీ ఒకటి సంచిలో ఉంచుకో.

దుకాణానికే వెళ్లి కొను. ముందు వైరు లేకుండా వాయించు. వడ్రంగి చెక్కని చూసినట్టు ఒక కన్ను మూసి నెక్ పొడవునా చూడు, వంకర తెలుస్తుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకీ ఫ్రెట్‌కీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లు మించితే తగ్గించి ఇమ్మను. అక్కడే తీగని తేలిగ్గా తాకి ఒకసారి, నొక్కి ఒకసారి మీటు. రెండూ ఒకే శ్రుతిలో లేకపోతే వద్దు. ఆ తర్వాతే వైరు పెట్టించుకో. ఆరు తీగలూ ఒకే స్థాయిలో వినపడాలి, మరలు తిప్పితే కరకర రాకూడదు. నీ చేతులు చిన్నవి తల్లీ, డ్రెడ్‌నాట్ పెద్ద డొప్ప మీద భుజం నొప్పెడుతుంది. చిన్న డొప్పది అడుగు.

సగం డబ్బు నేను పంపుతాను, మీ అమ్మకి చెప్పకు. దుకాణంలో ఉండగానే నాకు ఫోన్ చేసి ఒక్కో తీగా వినిపించు. మధ్యాహ్నమే చెయ్యి. చీకటి పడితే చెరువుల మీద గాలి మోటార్లు మొదలుపెడతారు, ఆ మోతలో నాకేమీ వినపడదు.

మీ మావయ్య