మాటల పెట్టె

ఒకే గదిలో పనిచేసేవారు పిలిస్తే పలుకుతారు. వేర్వేరు నగరాల్లో ఉండి ఒకే పని చేసేవారి సంగతి ఏమిటి?

టైనీ స్పెక్ అనే చిన్న సంస్థ 2009లో ఏర్పడింది. దాని ఉద్యోగులు కొందరు కెనడాలోని వాంకూవర్‌లోను, కొందరు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలోను ఉండేవారు. అందరూ కలిసి గ్లిచ్ అనే కంప్యూటర్ ఆటను తయారుచేశారు. మాట్లాడుకోవడానికి ఐ.ఆర్.సి. అనే పాత పద్ధతిని వాడేవారు. అందులో ఒక చిక్కు ఉంది. ఒకరు లేనప్పుడు మిగతావారు రాసుకున్న మాటలు, వారు తిరిగి వచ్చేసరికి కనిపించవు. అందుచేత ఆ మాటలను దాచే ఏర్పాటు, వెదికి తీసే ఏర్పాటు తామే చేసుకున్నారు.

ఆటకు తగినంత ఆదరణ రాలేదు. 2012 డిసెంబరులో దాన్ని మూసివేశారు. చాలామందికి ఉద్యోగాలు పోయాయి. సంస్థాపకులలో ఒకరైన స్టువర్ట్ బటర్‌ఫీల్డ్‌కూ, మిగిలిన కొద్దిమందికీ ఇక చేతిలో ఉన్నదేమిటి? తమ కోసం చేసుకున్న ఆ మాటల పెట్టే! దానికే మెరుగులు దిద్ది, 2014లో స్లాక్ అనే పేరుతో ఇతర సంస్థలకు అందించారు. 2021లో సేల్స్‌ఫోర్స్ సంస్థ దాన్ని సుమారు 2,770 కోట్ల డాలర్లకు కొన్నది.

ఇందులో ఒక్కొక్క పనికి ఒక్కొక్క రచ్చబండ ఉంటుందనుకోవచ్చు. కొత్తగా చేరినవారు పాత మాటలు చదివి, ఏ పని ఎందుకలా చేశారో తెలుసుకుంటారు. అయితే ఊరి రచ్చబండ మీద అన్న మాట గాలిలో కలిసిపోతుంది. ఇక్కడ రాసినది నిలిచి ఉంటుంది. కొన్ని షరతులకు లోబడి యజమానులు కూడా దాన్ని తీసి చూడగలరు.